ఇరుకు చోట పెద్ద బండి: లారీ మలుపు వెనక ఉన్న లెక్క

మన వంటింట్లో ఉన్న బియ్యం బస్తా, ఇంటి గోడలో ఉన్న సిమెంటు, పొలంలో చల్లిన ఎరువు, పిల్లలు చదివే పుస్తకం కాగితం. వీటిలో ఏదో ఒక దశలో లారీ ఎక్కని వస్తువు దాదాపుగా లేదు. హైవే మీద వందల కిలోమీటర్లు నడపడం లారీకి కష్టమేమీ కాదు. అసలు కష్టం చివరి వంద మీటర్లలో ఉంటుంది. బజారు సందు మలుపు తిరగాలి, రైసుమిల్లు గేటులో దూరాలి, గోడౌను అరుగుకు వెనక భాగం ఆనేలా ఆగాలి. డ్రైవరు బండిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటే, క్లీనరు వెనక నిలబడి "రానీ అన్నా, రానీ... హోల్డాన్!" అని కేకలు వేయడం మీరు చూసే ఉంటారు.

ఇదంతా చేతి నేర్పు అని మనం అనుకుంటాం. నేర్పు అవసరమే, సందేహం లేదు. కానీ ఆ నేర్పు కింద ఒక జ్యామితి ఉంది. పదో తరగతి చదివిన వారెవరికైనా అర్థమయ్యే జ్యామితి అది. ఆ లెక్క తెలిస్తే మూడు సంగతులు బోధపడతాయి. మొదటిది, పెద్ద బండి మలుపులో లోపలి వైపున నిలబడిన మనిషికి ఎందుకు ప్రమాదం. రెండవది, ట్రైలరును వెనక్కి నడపడం ముందుకు నడపడం కంటే ఎందుకు అంత కష్టం. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: లారీ ఇరుక్కుపోయినప్పుడు తప్పంతా డ్రైవరుది కాదు. ఆ గేటును, ఆ గోడ మూలను కాగితం మీద గీసిన వారి చేతిలో కూడా సగం ఉంది. ఈ మూడు సంగతులనూ ఒకదాని తరువాత ఒకటిగా చూద్దాం.

వెనక చక్రం వేరే దారి పడుతుంది

ముందుగా ఒక చిన్న ప్రయోగం. సైకిలు చక్రాలను నీళ్ళతో తడిపి, పొడిగా ఉన్న సిమెంటు నేల మీద ఒక గుండ్రటి మలుపు తిప్పండి. వెనక్కి వచ్చి నేల మీది తడి గీతలు చూడండి. ఒక గీత కాదు, రెండు కనిపిస్తాయి. ముందు చక్రం గీత మలుపుకు బయటి వైపున, వెనక చక్రం గీత లోపలి వైపున ఉంటుంది. వెనక చక్రం ముందు చక్రం నడిచిన దారిలో నడవలేదు. అడ్డదారి పట్టింది.

ఎందుకని? చక్రం తాను చూస్తున్న దిశలోనే దొర్లుతుంది. పక్కకు దొర్లలేదు, పక్కకు పోవాలంటే ఈడ్చుకుపోవాలి. కాబట్టి ఒక చక్రం వృత్తంలో తిరుగుతూ ఉంటే, ఆ వృత్తకేంద్రం చక్రపు ఇరుసు గీతను పొడిగించిన చోట ఎక్కడో ఉండాలి. వెనక ఇరుసును పొడిగించి ఒక గీత గీయండి. ముందు చక్రాన్ని కొంచెం తిప్పి దాని ఇరుసునూ పొడిగించండి. రెండు గీతలూ కలిసిన చోటే బండి తిరిగే వృత్తానికి కేంద్రం.

ఇప్పుడు కేంద్రం, వెనక ఇరుసు మధ్యబిందువు, ముందు ఇరుసు మధ్యబిందువు, ఈ మూడింటినీ కలిపితే ఒక లంబకోణ త్రిభుజం వస్తుంది. లంబకోణం వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. కేంద్రం నుంచి ముందు ఇరుసుకు ఉన్న దూరం కర్ణం. కర్ణం ఎప్పుడూ మిగతా భుజాల కన్నా పెద్దది కదా. అందుకే వెనక చక్రాల వృత్తం ఎప్పుడూ ముందు చక్రాల వృత్తం కన్నా చిన్నదిగానే ఉంటుంది. మిగిలినది పైథాగరస్ సిద్ధాంతం చూసుకుంటుంది.

సైకిలుకు రెండు ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, సుమారు 1.1 మీటర్లు. ముందు చక్రం 3 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే వెనక చక్రం 2.79 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. తేడా 21 సెంటీమీటర్లు, ఒక జానెడు. ఇప్పుడు 5 మీటర్ల వీల్‌బేస్ ఉన్న లారీని తీసుకోండి. ముందు ఇరుసు 10 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే, 100 లోంచి 25 తీసివేయగా 75. దాని వర్గమూలం 8.66. అంటే వెనక చక్రాలు 1.34 మీటర్లు లోపలికి జరిగి నడుస్తాయి. వీల్‌బేస్ రెండింతలైతే ఈ జరుగుడు సుమారు నాలుగింతలవుతుంది. పొడవు పెరిగేకొద్దీ కష్టం అంతకంటే వేగంగా పెరుగుతుందన్నమాట.

ఈ మాట మన పెద్దలకు పుస్తకం లేకుండానే తెలుసు. పాత ఊళ్ళలో సందు మొగలో ఉన్న ఇంటివాళ్ళు గోడ మూలన ఒక బండరాయి పాతుకునేవారు. మలుపు తిరిగే ఎడ్లబండి చక్రం గోడను గీరకుండా ఆ రాయి కాపలా. ఎడ్లు సందు మధ్యలోంచే వెళ్ళినా, బండి చక్రం మూలకు దగ్గరగా వస్తుందని వారికి అనుభవం చెప్పింది. అందుకే తెలిసిన బండివాడు మలుపులో ఎడ్లను కాస్త ఎడంగా తోలి, తరువాత తిప్పేవాడు. ఈనాటి లారీ డ్రైవరు మలుపుకు ముందు బయటి వైపుకు జరిగి, కొంచెం ముందుకు పోయి అప్పుడు స్టీరింగ్ కొట్టడం కూడా అదే సూత్రం. మలుపులో లోపలి వైపు ఖాళీ కనిపించింది కదా అని సైకిలునో స్కూటరునో అందులోకి దూర్చేవారికి ఈ సంగతి తెలియదు. ఆ ఖాళీ వారి కోసం వదిలింది కాదు. వెనక చక్రాలు రాబోతున్న చోటు అది.

ముందు చక్రాల గురించి ఒక మాట. ముందు ఇరుసు మీద రెండు చక్రాలున్నాయి. రెండింటికీ కేంద్రం ఒకటే. కాబట్టి లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ కోణంలో తిరగాలి. మ్యూనిక్ నగరానికి చెందిన గేయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ గుర్రపుబండ్ల కోసం ఈ ఏర్పాటును రూపొందించగా, 1818లో లండన్‌లో ఆయన తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మాన్ పేటెంటు తీసుకున్నాడు. పేరు మాత్రం ఆకర్‌మాన్‌కే మిగిలింది. నేటి కార్లు, లారీలు ఏదో ఒక మేరకు ఈ సూత్రాన్నే అనుసరిస్తాయి.

గొలుసు కట్టిన గడియారం

ఇప్పుడు ట్రైలరు బండికి వద్దాం. ముందు ఒక లాగే బండి, వెనక సరుకు మోసే ట్రైలరు, మధ్యలో ఒక కీలు. పొడవైన బండిని రెండు ముక్కలు చేస్తే మలుపు తేలికవుతుంది. నిజమే, కానీ ఆ తేలిక ఉచితంగా రాదు.

లాగే బండి వీల్‌బేస్ 3.5 మీటర్లు, కీలు నుంచి ట్రైలరు ఇరుసుల మధ్యకు 8 మీటర్లు అనుకుందాం. కీలు సరిగ్గా లాగే బండి వెనక ఇరుసు మీద ఉందనుకుందాం. ముందు చక్రాలు 12 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతున్నాయి. ఇక్కడ పైథాగరస్‌ను రెండుసార్లు వాడాలి. 144 లోంచి 3.5 వర్గం, అంటే 12.25 తీసివేయాలి, మళ్ళీ 8 వర్గం, అంటే 64 తీసివేయాలి. మిగిలేది 67.75. వర్గమూలం 8.23. అంటే ట్రైలరు చక్రాలు ముందు చక్రాల దారి కంటే 3.77 మీటర్లు లోపలికి జరిగి నడుస్తాయి. బండి వెడల్పు కూడా కలిపితే ఆ మలుపు 6 మీటర్లకు పైగా రోడ్డును తుడుచుకుంటూ పోతుంది. ఇది పూర్తి వృత్తం తిరిగినప్పటి లెక్క. వీధి మూలలో లంబకోణపు మలుపు తిరిగితే ఇంతకంటే కొంత తగ్గుతుంది కానీ, మన వీధుల వెడల్పుతో పోల్చుకుంటే అప్పటికీ ఎక్కువే.

ఇక్కడ గణిత చరిత్రలో ఒక అందమైన ఘట్టం గుర్తుచేసుకోవాలి. 17వ శతాబ్దంలో పారిస్‌లో క్లాడ్ పెరో అనే వైద్యుడు, వాస్తుశిల్పి తన జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టి, దాని గొలుసు కొసను బల్ల అంచు వెంబడి లాగుతూ, ఆ గడియారం గీసే వక్రం ఏమిటని గణితవేత్తలను అడిగాడు. గొలుసు కొస తిన్నగా పోతూ ఉంటే గడియారం వంపు తిరుగుతూ నెమ్మదిగా ఆ గీతకు దగ్గరవుతుంది. కానీ పూర్తిగా కలవదు. దానికి క్రిస్టియాన్ హైగెన్స్ ట్రాక్‌ట్రిక్స్ అని పేరు పెట్టాడు. లాగబడే వక్రం అని అర్థం. తిన్నగా పోతున్న బండి వెనక ట్రైలరు సర్దుకునే తీరు కూడా ఇదే. కీలే గొలుసు కొస, ట్రైలరు చక్రాలే గడియారం.

ఈ వక్రం మనకొక ఉపయోగకరమైన సంగతి చెబుతుంది. మలుపు అయిపోయి లాగే బండి తిన్నగా పోతున్నా, ట్రైలరు వెంటనే తిన్నబడదు. మిగిలిన వంకర చిన్నదైతే, ట్రైలరు పొడవంత దూరం పోయేసరికి ఆ వంకరలో సుమారు 37 శాతం మిగులుతుంది. మరో పొడవు పోతే సుమారు 14 శాతం, మూడో పొడవు తరువాత 5 శాతం. అంటే 8 మీటర్ల ట్రైలరు దాదాపుగా తిన్నబడాలంటే 24 మీటర్ల ఖాళీ కావాలి. గేటు దాటగానే గోడౌను అరుగు ఉంటే ఆ ఖాళీ ఎక్కడ నుంచి వస్తుంది? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

వెనక్కి నడపడం: అరచేతిలో కర్ర

ముందుకు లాగినప్పుడు వంకర తనంతట తాను తగ్గుతుంది అన్నాం. భౌతికశాస్త్రంలో దీన్ని స్థిర సమతాస్థితి అంటాం. గిన్నె అడుగున ఉన్న గోలీని కదిలిస్తే మళ్ళీ అడుగుకే చేరుతుంది. బండిని వెనక్కి నడిపితే అదే సమీకరణంలో గుర్తు మారుతుంది. తగ్గవలసిన వంకర పెరుగుతుంది. బోర్లించిన గిన్నె మీద గోలీని నిలబెట్టినట్టు. దీన్ని అస్థిర సమతాస్థితి అంటాం. చీపురుకర్రను అరచేతిలో నిటారుగా నిలబెట్టి చూడండి. చెయ్యి కదుపుతూ ఉన్నంతసేపే నిలుస్తుంది. ట్రైలరును వెనక్కి నెట్టే డ్రైవరు చేస్తున్నది సరిగ్గా అదే పని. కాకపోతే ఆ కర్ర బరువు ఇరవై ముప్ఫై టన్నులు.

ఎంత వేగంగా పెరుగుతుందో చూద్దాం. మొదట 2 డిగ్రీల వంకర ఉందనుకోండి. అది కంటికి ఆనదు. డ్రైవరు ఏమీ సరిచేయకుండా కీలును తిన్నగా వెనక్కి నెడితే, ట్రైలరు పొడవంత దూరం పోయేసరికి వంకర 5 డిగ్రీలు దాటుతుంది. రెండో పొడవుకు 15కు చేరువవుతుంది. మూడో పొడవుకు 40 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. ఒక హద్దు దాటాక స్టీరింగ్ పూర్తిగా తిప్పినా కూడా వంకర తగ్గదు. లాగే బండి, ట్రైలరు మడతకత్తిలా ముడుచుకుపోతాయి. అక్కడ ఆగకపోతే క్యాబిను ట్రైలరుకు కొట్టుకుంటుంది.

ఈ లెక్కలో గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఇందులో వేగం అనే మాటే లేదు. వంకర పెరగడం బండి పోయిన దూరాన్ని బట్టి ఉంటుంది గాని, పట్టిన కాలాన్ని బట్టి కాదు. మరి నెమ్మదిగా నడపమని ఎందుకంటారు? కంటికీ చేతికీ వ్యవధి దొరుకుతుంది కాబట్టి. సెకనుకు ఒక మీటరు చొప్పున, నడక కంటే నిదానంగా పోతే, 8 మీటర్ల ట్రైలరులో వంకర ప్రమాదస్థాయికి రావడానికి 24 సెకన్లు పడుతుంది. ఆలోచించడానికి అది చాలు.

రెండవది, కొంచెం వింతగా తోస్తుంది. పొట్టి ట్రైలరును వెనక్కి నడపడమే ఎక్కువ కష్టం. కీలు నుంచి ఇరుసుకు 3 మీటర్లే ఉన్న ట్రాక్టరు ట్రాలీలో అదే 2 డిగ్రీల వంకర 9 మీటర్లలోనే, అదే వేగానికి 9 సెకన్లలోనే 40 డిగ్రీల దగ్గరకు వస్తుంది. పొడవైన కర్ర కంటే పెన్సిలును వేలి మీద నిలబెట్టడం కష్టం కావడం లాంటిదే ఇది. ధాన్యం బస్తాలతో నిండిన రెండు చక్రాల ట్రాలీని మిల్లు లోపలికి తిన్నగా వెనక్కి నెట్టే మన ట్రాక్టరు డ్రైవరుది తక్కువ పని కాదు. ట్రాలీకి నాలుగు చక్రాలుండి, ముందు ఇరుసు కూడా తిరిగేదైతే కీళ్ళు రెండవుతాయి. ఒక కర్ర మీద ఇంకో కర్ర నిలబెట్టడమే అది. అందుకే చాలామంది ట్రాలీని ఊడదీసి మనుషులతో నెట్టించుకుంటారు, లేదా చుట్టూ తిప్పి ముందుకే లాగుతారు. అది తెలివైన పని.

కొత్తవారిని కంగారు పెట్టేది దిశ. వెనక్కి పోతున్నప్పుడు స్టీరింగ్ కుడికి కొడితే కీలు కుడికి జరుగుతుంది, ట్రైలరు వెనక భాగం ఎడమకు తిరుగుతుంది. దీనికి డ్రైవర్లు వాడే ఒక చిట్కా ఉంది. స్టీరింగ్ చక్రం అడుగు భాగాన చెయ్యి పెట్టండి. ట్రైలరు వెనక భాగం ఏ పక్కకు పోవాలో ఆ పక్కకే చేతిని జరపండి. మిగిలినది చక్రమే చూసుకుంటుంది. పని మొత్తం మూడు దశల్లో జరుగుతుంది. మొదట ఎదురు దిశకు కొట్టి కావలసిన వంకర తెచ్చుకోవాలి. తరువాత స్టీరింగ్‌ను మరోవైపు తిప్పి, లాగే బండి ట్రైలరును వెంబడించేలా చేయాలి. చివరకు రెండూ ఒక గీతలోకి వచ్చాక స్టీరింగ్ తిన్నగా పెట్టాలి.

మరి వంకర చేయి దాటిపోతే? ఆగి, ముందుకు లాగడమే మందు. ముందుకు లాగితే వంకర దానంతటదే తగ్గుతుందని ఇంతకు ముందే చూశాం. నాలుగుసార్లు ముందుకు లాగి సరిచేసుకునే డ్రైవరును చూసి వెనక నిలిచిపోయిన వాహనాలవారు హారన్లు మోగిస్తారు, నవ్వుతారు. కానీ అతడు చేస్తున్నది ప్రకృతి సూత్రాన్ని తనకు అనుకూలంగా వాడుకోవడం. తొందరపెట్టే హారనే అక్కడ అన్నిటికంటే అపాయకరమైన వస్తువు.

కనిపించని చోటు

ఇంతవరకు లెక్క. ఇప్పుడు ప్రాణాల సంగతి. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కిటికీలోంచి తల బయటకు పెడితే కుడి పక్క చివరి చక్రం దాకా చూడగలడు. ఎడమ పక్క మాత్రం అద్దంలో కనిపించినంతే. పైగా ఎడమవైపు నడిచే మన రోడ్ల మీద ఎడమ మలుపు ఇరుకైనది. వెనక చక్రాలు లోపలికి వచ్చేది కూడా ఆ పక్కకే. లాగే బండి ఎడమకు తిరగగానే ఎడమ అద్దంలో ట్రైలరు గోడ తప్ప మరేమీ కనిపించదు. చక్రం వచ్చే చోటూ, కన్ను పోలేని చోటూ ఒకటే కావడం ఈ మలుపులోని విషాదం.

అందుకని గోడౌనులోకి వెనక్కి పోవలసి వస్తే, బండి కుడివైపుకు వంగేలా దారి ఎంచుకోవడం మేలు. అందుకు ఊరు చుట్టి ఇంకో వైపు నుంచి రావలసి వచ్చినా సరే. డ్రైవరు కన్ను ట్రైలరు మూలను వదలకుండా ఉంటుంది.

వెనక భాగం గురించి ఇంకొక హెచ్చరిక. వెనక చక్రాలు దాటి వేలాడే భాగం మలుపులో లోపలికి కాదు, బయటికి విసురుతుంది. వెనక ఇరుసు 10 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతూ, దాని వెనక 3 మీటర్ల తోక ఉంటే, ఆ తోక మూల చక్రాల బయటి అంచు కంటే దాదాపు 40 సెంటీమీటర్లు బయటికి వస్తుంది. పక్కన నిలబడిన మనిషిని గోడకు అదమడానికి అది చాలు. అందుకే మన మోటారు వాహనాల నిబంధనలు ఈ వేలాడే భాగం వీల్‌బేస్‌లో 60 శాతం మించకూడదన్నాయి. వెనక్కి కడ్డీలు చాచుకుని పోయే లారీ తోక ఎంత దూరం ఊగుతుందో ఈ లెక్కతోనే ఊహించుకోవచ్చు.

ఇక క్లీనరు. వెనక్కి వచ్చే లారీకి సరిగ్గా వెనక నిలబడి చేతులూపే కుర్రవాడిని మనం రోజూ చూస్తాం. అద్దంలో అతను కనిపించడు. పొరపాటున కాలు జారినా, వెనక గోడ తగిలినా అతనికి తప్పించుకునే దారి లేదు. కాబట్టి నియమాలు నాలుగు. క్లీనరు బండి వెనక కాకుండా పక్కన, డ్రైవరు అద్దంలో కనిపించేలా నిలబడాలి. క్లీనరు అద్దంలో కనిపించకుండా పోయిన మరుక్షణం డ్రైవరు బ్రేకు తొక్కాలి. సైగ చేసేది ఒక్కరే కావాలి. నలుగురు నాలుగు పక్కల నుంచి "రానీ, రానీ" అంటే డ్రైవరు ఎవరి మాట వినాలి? బండి కదలక ముందు డ్రైవరు ఒకసారి దిగి చుట్టూ నడిచి రావాలి. నేల మీది గుంట, పైన వేలాడే కరెంటు తీగ, బండి నీడలో ఆడుకునే పిల్లవాడు, ఇవి క్యాబినులోంచి కనిపించవు. వెనక్కి నడిపే ముందు ఎవరికీ ప్రమాదం లేదని రూఢి చేసుకోవాలని, అవసరమైనంత దూరానికి మించి వెనక్కి నడపకూడదని 1989 నాటి మన రోడ్డు నియమాలే చెప్పాయి.

లండన్ నగరం ఈ సమస్యను మరోవైపు నుంచి పట్టుకుంది. అక్కడా వాహనాలు ఎడమవైపే నడుస్తాయి. 12 టన్నులు దాటిన లారీలకు, డ్రైవరు అద్దాలూ కెమెరాలూ లేకుండా కిటికీల్లోంచి నేరుగా ఎంత చూడగలడన్న దాన్ని బట్టి సున్నా నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇచ్చారు. 2021 మార్చి నుంచి ఈ నియమం అమలులోకి వచ్చింది. 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాలకు తగ్గిన లారీలు అదనపు భద్రతా పరికరాలు పెట్టుకోవలసిందే. డ్రైవరును జాగ్రత్తగా ఉండమనడం ఒక్కటే చాలదని, అతనికి కనిపించే బండిని ఇవ్వాలని ఆ నగరం ఒప్పుకుంది. ఇది ఆలోచించవలసిన మాట.

రెండు కొసలు

చక్రం ఏదీ తిరగని బండిని మలుపు తిప్పగలమా? తిప్పగలం. మన దేవాలయాల రథాలను చూడండి. పెద్ద రథాలకు స్టీరింగ్ ఉండదు, ఇరుసులు కదలవు. మాడవీధి మూలకు వచ్చేసరికి చక్రాల కింద చెక్క దిమ్మెలు వేస్తూ, కొంచెం కొంచెంగా రథాన్ని పక్కకు జరిపిస్తారు. ఇంతకుముందు చెప్పుకున్నాం: చక్రం పక్కకు దొర్లదు, ఈడ్చుకుపోవాలి అని. ఆ ఈడ్పునే వారు చెక్కలతో అదుపులో పెడుతున్నారు. ఆ చెక్క వేసేవారిది ప్రాణాలతో చెలగాటమాడే పని అని కూడా గుర్తుంచుకోవాలి.

రెండో కొసన అసాధారణమైన బరువులు మోసే వాహనాలున్నాయి. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి చేర్చవలసిన భారీ ఆటోక్లేవ్ ఒకటి, 2019 జూలైలో మహారాష్ట్రలో బయలుదేరి 2020 జూలైలో గమ్యం చేరింది. బరువు సుమారు 70 టన్నులు. వాహనానికి 74 చక్రాలు, వెంట 32 మంది సిబ్బంది. నాలుగు రాష్ట్రాలు దాటడానికి ఏడాది పట్టింది. లాక్‌డౌన్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో నెల రోజులు ఆగిపోయింది కూడా. అంత బండి వచ్చేటప్పుడు దారి పొడవునా రోడ్డును బాగుచేశారు, చెట్లను, కరెంటు తీగలను అడ్డు తీశారు. అంటే బండికి తగ్గట్టు దారిని సిద్ధం చేశారు. మామూలు లారీకి మాత్రం మనం ఆ గౌరవం ఇవ్వం. దారి ఎలా ఉన్నా అదే సర్దుకోవాలంటాం.

గేటు గీసేవారికి ఒక మాట

ఇప్పుడు ఇందాకటి ప్రశ్నకు వద్దాం. గేటు దాటగానే అరుగు ఉంటే బండి తిన్నబడేది ఎక్కడ?

2020లో సవరించిన మన నిబంధనల ప్రకారం లారీ పొడవు 12 మీటర్ల వరకు, లారీకి ట్రైలరు తగిలించిన జత పొడవు 18.75 మీటర్ల వరకు ఉండవచ్చు. యూరప్‌లో 1996 నాటి ఆదేశం ప్రకారం ప్రతి లారీ 12.5 మీటర్ల బయటి వ్యాసార్థం, 5.3 మీటర్ల లోపలి వ్యాసార్థం ఉన్న వలయంలో ఇమిడి తిరగగలగాలి. తీసివేస్తే వలయం వెడల్పు 7.2 మీటర్లు. అంటే చట్టం మెచ్చిన బండికి కూడా గట్టి మలుపులో అంత రోడ్డు కావలసి రావచ్చు. ఇప్పుడు 6 మీటర్ల వీధిలోకి 4 మీటర్ల గేటు పెట్టి, గోడ మూలను కత్తిలా నిలబెట్టి, "డ్రైవరుకు బండి తిప్పడం రాదు" అనడం న్యాయమా?

చేయవలసినవి ఖరీదైన పనులు కావు. గేటు పక్కన గోడ మూలను ఏటవాలుగా కోసి కడితే వెనక చక్రాలకు దారి దొరుకుతుంది. రోడ్లు కలిసే చోట మూల స్థలాలకు భవన నియమాలు అడిగేది ఇదే. గేటును రోడ్డు అంచున కాకుండా కొంత లోపలికి జరిపితే బండి రోడ్డును అడ్డగించకుండా తిరుగుతుంది. అరుగు ముందు బండి పొడవుకు కనీసం రెండింతల ఖాళీ వదిలితే వంకర సర్దుకోవడానికి చోటు ఉంటుంది. స్థలం ఉంటే ఒక గేటులో వచ్చి ఇంకో గేటులో పోయేలా కడితే అసలు వెనక్కి నడిపే పనే తప్పుతుంది. ఇవేవీ కుదరని పాత బజారుల్లో పెద్ద బండిని ఊరి బయటే ఆపి, సరుకును చిన్న బండ్లలోకి మార్చడమే మేలు. దానికయ్యే కూలి ఖర్చు ఒక మనిషి కాలు విలువ కంటే ఎక్కువ కాదు.

మీరు చేయగల పని

విద్యార్థులు ఈ వారం ఒక పని చేయండి. గ్రాఫు కాగితం మీద ఒక సెంటీమీటరు ఒక మీటరుగా తీసుకుని, మీ వీధిలోని ఒక గోడౌను గేటునో, రేషను దుకాణం ముందున్న మలుపునో కొలిచి గీయండి. అట్టముక్కతో 12 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న లారీని కత్తిరించండి. ముందు, వెనక ఇరుసుల చోట రెండు గుర్తులు పెట్టండి. ముందు గుర్తును మలుపు దారి వెంబడి అర సెంటీమీటరు చొప్పున జరపండి. ప్రతిసారీ వెనక గుర్తును బండి చూస్తున్న దిశలోనే ముందుకు రానివ్వండి; పక్కకు జారనివ్వకండి. అట్ట నాలుగు మూలలూ ఎక్కడెక్కడికి పోయాయో పెన్సిలుతో గుర్తించండి. గోడ ఎక్కడ అడ్డొస్తుందో, మనిషి ఎక్కడ నిలబడకూడదో ఆ కాగితమే మీకు చూపిస్తుంది. తరువాత ఆ కాగితాన్ని తీసుకెళ్ళి దుకాణం యజమానికో, పంచాయతీ వారికో చూపించండి. అలాగే లోడు దించడానికి వచ్చిన డ్రైవరుకూ చూపించండి. మీకు తెలియని రెండు విషయాలు ఆయన తప్పక చెబుతారు.

రోడ్డు మీద లారీ ఎడమకు తిరుగుతూ లోపలి పక్కన ఖాళీ వదిలితే ఇకపై దాన్ని ఖాళీగా చూడకండి. అక్కడ ఇంకా రాని చక్రం ఒకటి ఉంది. దానికి దారి వదిలి, బండి పూర్తిగా తిరిగేదాకా ఆగండి.